వెర్సాయ్, మయామీ: అన్నం లోపల తినండి, రాజకీయం బయట కిటికీ దగ్గర వినండి

మయామీలో క్యూబన్ తిండి ఎక్కడ తినాలి అంటే ఎవరైనా ముందు చెప్పే పేరు వెర్సాయ్. క్యూబా వదిలి వచ్చినవాళ్ళ పేట లిటిల్ హవానాలో, కాయె ఓచో అని పిలిచే ఎనిమిదో వీధి మీద 1971 నుంచి ఉంది. పెట్టినాయన ఫెలిపె వాల్స్, ఫిదెల్ క్యాస్ట్రో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక 1960లో క్యూబా వదిలి వచ్చారు, 2022లో పోయారు. లోపల గోడల నిండా అద్దాలు, షాండ్లియర్లు, ఫ్రాన్సు రాజుగారి కోటలా ఉండాలని కట్టించారు గానీ ఆ జనం, ఆ కేకలు, ఆ ప్లేట్ల చప్పుడు వింటే మాత్రం పెళ్ళిలో రెండో బంతి భోజనాలే.

తిండి సంగతి ముందు తేల్చేస్తా. రోపా వియేహా అంటే బీఫ్‌ని పీచులు పీచులుగా అయ్యేదాకా ఉడికించి టమాటా, క్యాప్సికం గ్రేవీలో వేస్తారు, అన్నంలోకి బ్రహ్మాండంగా ఉంటుంది. బీఫ్ తినని వాళ్ళకి చికెన్ ఉంది. శాకాహారులు అన్నం, నల్ల బీన్స్, పండిన అరటి వేపుడు, వెల్లుల్లి పులుసు పోసిన కర్రపెండలంతో కడుపు నింపుకోవచ్చు, కాకపోతే క్యూబన్లు బీన్స్‌లో పంది మాంసం వేయడం మామూలే కాబట్టి అడిగి తీసుకోండి. కారం వెతుక్కోకండి, వాళ్ళ వంటలో అది ఉండదు.

అసలు సరుకు బయట కాఫీ కిటికీ దగ్గర ఉంది. వెంతనీతా అంటారు, వీధి వైపు తెరిచిన కౌంటర్, కుర్చీలు లేవు, నిలబడి తాగడమే. కొలాదా అడిగితే చిక్కటి డికాషన్‌ని చక్కెర నురగతో ఒక పెద్ద కప్పులో పోసి, అందరూ పంచుకోవడానికి బుల్లి బుల్లి ప్లాస్టిక్ కప్పులు ఇస్తారు. ఒక్కడే మొత్తం తాగేస్తే రాత్రి నిద్ర మర్చిపోవచ్చు. జామపండు పేస్ట్ పెట్టిన పస్తెలీతో ఒకటి కూడా తీసుకోండి. పక్కన నిలబడ్డవాళ్ళు మాట్లాడేది వినండి, స్పానిష్ రాకపోయినా ఫిదెల్, ట్రంప్, ఒబామా, రూబియో పేర్లు అయితే వినపడతాయి కదా.

అక్కడ మాట్లాడేది ఉత్త కాలక్షేపం కాదు. క్యూబా పట్ల అమెరికా ఎలా ఉండాలో అరవై ఏళ్ళుగా చాలావరకు ఈ పేటే నిర్ణయించింది. ఫ్లోరిడాలో ఓట్లు కావాల్సిన నాయకుడు ఇక్కడికి వచ్చి కాఫీ తాగాల్సిందే. 2023 జూన్‌లో రహస్య పత్రాల కేసులో మయామీ కోర్టుకి హాజరైన ట్రంప్ అక్కడి నుంచి నేరుగా వచ్చింది ఈ రెస్టారెంట్‌కే. 2016 నవంబర్‌లో ఫిదెల్ క్యాస్ట్రో పోయిన రాత్రి జనం గిన్నెలూ గరిటెలూ వాయిస్తూ చేరింది ఈ వీధిలోనే, 2021 జూలైలో క్యూబాలో నిరసనలు లేచినప్పుడు జెండాలతో వచ్చిందీ ఇక్కడికే.

కోపం ఉన్నంత మాత్రాన పాలసీ మారదు. 1961లో క్యాస్ట్రోని దించడానికి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ తయారు చేసిన 2506 బ్రిగేడ్ అనే దళం క్యూబా తీరంలో బే ఆఫ్ పిగ్స్ దగ్గర దిగి మూడు రోజుల్లో ఓడిపోయింది, దాదాపు 1,400 మంది ప్రవాసులు. ఆ తర్వాత చాలా ఏళ్ళు వీళ్ళ దగ్గర ఆవేశమే తప్ప వాషింగ్టన్‌లో పట్టు లేదు. దాన్ని మార్చినవాడు హోర్హె మాస్ కనోసా. ఆ బ్రిగేడ్‌లో పనిచేసి, తర్వాత మయామీలో పెద్ద కాంట్రాక్టర్ అయ్యాడు. 1981లో క్యూబన్ అమెరికన్ నేషనల్ ఫౌండేషన్ పెట్టి, ఇజ్రాయెల్ కోసం అమెరికా నాయకుల మీద ఒత్తిడి తెచ్చే లాబీ ఐపాక్ ఎలా నడుస్తుందో చూసి అదే పద్ధతి పట్టాడు: రెండు పార్టీలకీ చందాలు, కాంగ్రెస్ సభ్యులతో పరిచయాలు, ఎన్నికలప్పుడు ఓట్లు. 1985కి అమెరికా ప్రభుత్వ డబ్బుతో క్యూబాకి ప్రసారం చేసే రేడియో మార్తీ మొదలైంది, 1990కి టీవీ మార్తీ. ఆ టీవీ సిగ్నల్‌ని క్యూబా మొదటి నుంచీ జామ్ చేస్తూనే వచ్చింది, చూసేవాళ్ళు లేని చానల్‌కి డబ్బు మాత్రం ఏటా వచ్చింది! లాబీ బలం ఏంటో చెప్పడానికి నాకు దీన్ని మించిన ఉదాహరణ దొరకలేదు.

1992 ఎన్నికల ఏడాది. క్యూబాతో వ్యాపారం మీద అమెరికా పెట్టిన ఆంక్షల్ని ఇంకా బిగించే టోరిసెల్లి బిల్లు మీద ప్రెసిడెంట్ బుష్ వెనకాముందూ ఆడుతుంటే, ఆయన మీద పోటీ చేస్తున్న క్లింటన్ మయామీకి వచ్చి, క్యూబన్ల చందాల విందులో ఆ బిల్లుకి సై అన్నాడు. ఇంకేముంది, బుష్ కూడా దారికొచ్చి అక్టోబర్‌లో సంతకం పెట్టాడు, అదీ మయామీలోనే. 1996 ఫిబ్రవరిలో ప్రవాసుల సంస్థ బ్రదర్స్ టు ది రెస్క్యూ విమానాలు రెండిటిని క్యూబా కూల్చేసి నలుగురు చనిపోయాక హెల్మ్స్-బర్టన్ చట్టం వచ్చింది. అప్పటిదాకా ప్రెసిడెంట్ తలుచుకుంటే ఎత్తేయగలిగిన ఆంక్షల్ని అది చట్టంలో బిగించేసింది, పైగా వాటిని ఎత్తాలంటే ఫిదెల్, ఆయన తమ్ముడు రౌల్ ఇద్దరూ లేని ప్రభుత్వం రావాలని కండిషన్. ఒక వలస సమాజం తన పట్టుదలని ఇంత గట్టిగా ఇంకో దేశపు చట్టంలోకి ఎక్కించడం నాకు తెలిసి చాలా అరుదు.

అయితే మయామీ చెప్పిందల్లా అమెరికా వింటుందనుకుంటే పొరపాటు. నా లెక్క ఇది: అవతల ఇంకెవరికీ పెద్దగా పట్టనప్పుడు వీళ్ళు గెలుస్తారు. ఎవరికైనా గట్టి అవసరం పడితే వీళ్ళు ఓడతారు. 2000లో కోళ్ళు, బియ్యం, మొక్కజొన్న అమ్ముకోవాలనుకున్న వ్యవసాయ రాష్ట్రాలు ఒత్తిడి చేస్తే, క్యూబాకి ముందు డబ్బు తీసుకుని తిండి సరుకులు అమ్మొచ్చని చట్టమే చేశారు. అందుకే ఆంక్షలున్నా అమెరికా చికెన్ హవానాకి వెళ్తుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో క్యూబా నుంచి పడవలో వస్తూ తల్లి సముద్రంలో పోగా బతికిన ఎలియాన్ గొంజాలెజ్ అనే ఆరేళ్ళ పిల్లాణ్ణి, లిటిల్ హవానాలో బంధువుల ఇంటి నుంచి ఫెడరల్ ఏజెంట్లు తెల్లవారక ముందే తీసుకెళ్ళి, క్యూబా నుంచి వచ్చిన తండ్రికి అప్పగించారు. ఊరంతా ఏడ్చినా ఆగలేదు. క్లింటన్ ప్రభుత్వం మీద ఆ కోపం నవంబర్‌లో ప్రెసిడెంట్ ఎన్నికల్లో బయటపడింది, బుష్ కొడుకు ఫ్లోరిడాని 537 ఓట్ల తేడాతో గెలిచాడు, దానికి కారణాలు వంద చెప్పొచ్చు, ఎలియాన్ వాటిలో ఒకటి.

తర్వాత 2014 డిసెంబర్‌లో ఒబామా, మళ్ళీ పోటీ చేసే పని లేదు కాబట్టి, హవానాతో సంబంధాలు తెరిచాడు. 2017లో ట్రంప్ ఇదే లిటిల్ హవానాలో మాన్యుయెల్ అర్తిమే థియేటర్‌లో నిలబడి దాన్ని వెనక్కి తిప్పాడు.

కిటికీ దగ్గర ఒక పెద్దాయనతో మాట కలిసింది, పక్కన కొడుకు కూడా ఉన్నాడు.

"ఒబామా వెళ్ళి వచ్చాడు, ఏం మారింది చెప్పు బాబూ?" అన్నాడు ఆయన.

"నాన్నా, నువ్వు అత్తకి నెలనెలా డబ్బు పంపుతూనే ఉన్నావుగా" అని కొడుకు నవ్వాడు.

"అది చెల్లెలు. ప్రభుత్వం వేరు" అని ఆయన కాఫీ వైపు తిరిగాడు.

ఆంక్షలు గట్టిగా ఉండాలంటూనే అక్కడి వాళ్ళకి మందులు, పార్శిళ్ళు, డాలర్లు పంపే ఇళ్ళు ఈ పేటలో చాలా ఉన్నాయి. నాకు ఇది కపటంలా అనిపించలేదు. కానీ ఆంక్షల బరువు మోసేది ఆ చెల్లెలే అని ఆయనతో అనే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు ఈ ఊరి కుర్రాడు మార్కో రూబియో 2025 నుంచి విదేశాంగ మంత్రి (తల్లిదండ్రులు వచ్చింది 1956లో, అంటే క్యాస్ట్రో గెలవకముందే). మయామీకి ఇంతకన్నా ఏం కావాలి అనుకుంటాం. అదే ఏడాది అదే ప్రభుత్వం కొత్తగా వచ్చిన క్యూబన్లకి ఉన్న పెరోల్, అంటే తాత్కాలికంగా ఉండే అనుమతి, రద్దు చేసేసింది. ఓట్లు వేయించుకున్నవాళ్ళకి హవానా మీద కోపం ఒక అంశం, వలసల మీద కోపం ఇంకో అంశం. రెండోదాని ముందు ఈ కిటికీ బలం పెద్దగా పనిచేయలేదు.

డబ్బులు కట్టి చేసే వాకింగ్ టూర్ల గురించి ఒక మాట. నేను వెళ్ళిన దాంట్లో (పేరు వద్దు) గైడ్ చుట్టలు, మొహితో, డొమినో ఆట తప్ప ఏమీ చెప్పలేదు. బే ఆఫ్ పిగ్స్ స్మారకం ముందు నిలబెట్టి ఫొటో దిగమన్నాడంతే, అది దేనికోసమో చెప్పలేదు. టూర్ మానేసి మీరే వెళ్ళండి. స్మారకం 13వ అవెన్యూ మీద ఉంది, వెర్సాయ్ నుంచి రెండు మైళ్ళ పైచిలుకు, ఎండలో నడవద్దు, కారు తీసుకోండి.

కాఫీకి ఐదు స్టార్లు, తిండికి నాలుగు, ఆ టూర్‌కి ఒకటి. కాస్త స్పానిష్ వచ్చినవాళ్ళని వెంట తీసుకెళ్తే ఇంకా బాగుంటుంది.