ఎన్‌సీబీఐ సబ్మిషన్ పోర్టల్: ఫైళ్లు ఎక్కించడం తేలికే, వివరాల షీటే అసలు పని

జబ్బు తెచ్చే బ్యాక్టీరియా జీనోమ్‌ని (మొత్తం జన్యు క్రమాన్ని) నలుగురికీ పనికొచ్చేలా ఎక్కడ పెట్టాలంటే మేం ముందు చెప్పే పేరు ఎన్‌సీబీఐ, అమెరికా ప్రభుత్వ జన్యు సమాచార భాండాగారం. రుసుము లేదు, చూసేవాళ్లకి లాగిన్ అక్కర్లేదు. ఇక్కడ పెట్టింది ఇలాంటివే అయిన యూరప్‌లోని ఈఎన్‌ఏకీ, జపాన్‌లోని డీడీబీజేకీ చేరుతుంది.

ముందు బయోప్రాజెక్ట్ (మొత్తం పని నమోదు), తర్వాత ఒక్కో ఐసొలేట్‌కి (నమూనా నుంచి వేరుచేసి పెంచిన బ్యాక్టీరియాకి) ఒక బయోశాంపుల్ (దాని వివరాల నమోదు), చివరికి ముడి సీక్వెన్సులు దాచే ఎస్‌ఆర్‌ఏలోకి ఫాస్ట్‌క్యూ ఫైళ్లు, అంటే సీక్వెన్సింగ్ యంత్రం ఇచ్చిన ముడి ఫైళ్లు. రోగి నుంచి వచ్చినదైతే క్లినికల్ పాథోజెన్ ప్యాకేజీ (వివరాల షీటు నమూనా) ఎంచుకోండి. స్ట్రెయిన్ (ఆ బ్యాక్టీరియా రకానికి పెట్టిన పేరు), సేకరించిన తేదీ, ప్రాంతం, హోస్ట్ (ఎవరి ఒంట్లోంచి వచ్చిందో), జబ్బు, రక్తమా కఫమా అన్నది అందులో తప్పనిసరి. తెలియని గడిని ఖాళీగా వదలకుండా 'మిస్సింగ్' అని రాయాలి.

ఎక్కువగా తిరిగొచ్చేది ఈ షీటే. స్ట్రెయిన్ కాలమ్‌లో ఒకే పేరు పైనుంచి కిందిదాకా లాగేస్తే రెండు వరసలు ఒకేలా ఉన్నాయని పోర్టల్ ఆపేస్తుంది. శాంపుల్ పేర్లు వేరైనా చాలదు. ఇక ఎక్సెల్. 2023-05-04 అని కొడితే దాన్ని 04-05-2023 చేసేస్తుంది, అది మే నెలో ఏప్రిలో ఎవరికీ తెలియదు. తేదీలు కొట్టకముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చండి. ఒక్కో శాంపుల్‌కి జంటగా వచ్చే ఆర్1, ఆర్2 ఫైళ్ల పేర్లు ఒకే వరసలో, చివరి జీజెడ్‌తో సహా అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఎఫ్‌టీపీలో (పెద్ద ఫైళ్లు పంపే పద్ధతి) పంపేవాళ్లు సొంత సబ్‌ఫోల్డర్‌లో వేసి, అది కనిపించడానికి కనీసం 10 నిమిషాలు ఆగాలి.

ప్రాంతం గడి ఎంత విలువైందో 2021లో అమెరికాలో తేలింది. నాలుగు రాష్ట్రాల్లో నలుగురికి మెలియాయిడోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు వచ్చింది, ఇద్దరు చనిపోయారు, ఎవరూ విదేశాలకి వెళ్లినవాళ్లు కాదు. ఆ బ్యాక్టీరియా బయోడిఫెన్స్ జాబితాలో (జీవాయుధంగా వాడతారేమోనని నిఘా పెట్టినవాటిలో) ఉన్నదే. నాలుగు జీనోమ్‌లూ ఒకదానితో ఒకటి కలిశాయి, దక్షిణాసియా స్ట్రెయిన్లకి దగ్గరగా ఉన్నాయి. చివరికి దొరికింది భారత్‌లో తయారైన సువాసన స్ప్రే సీసాలో. పాత జీనోమ్‌ల పక్కన ఊరూ దేశమూ రాసి ఉండకపోతే ఆ పోలిక దేనితో?

సాల్మొనెల్లా, క్లెబ్సియెల్లా లాంటివి పబ్లిక్ చేయగానే ఎన్‌సీబీఐలోని పాథోజెన్ డిటెక్షన్ విభాగం వాటిని తనంతట తానే తీసుకుని, మందులకి లొంగనివ్వని నిరోధక జన్యువులు వెతికి, దగ్గరి బంధువులతో కలిపి వంశవృక్షంలాంటి చెట్టు గీస్తుంది. మాకు బాగా నచ్చేది ఇదే. పేపర్ వచ్చేదాకా విడుదల తేదీ వెనక్కి నెడితే మాత్రం ఆ చెట్టులో మీ ఐసొలేట్ ఉండదు. వ్యాప్తి నడుస్తున్నప్పుడు అలా దాచడం తప్పనే మా అభిప్రాయం.

రోగి పేరు గానీ ఆసుపత్రి ఐపీ నంబరు గానీ స్ట్రెయిన్ పేరులో రానివ్వకండి. ఒకసారి బయటికెళ్లాక మూడు ఖండాల్లో కాపీలుంటాయి. కఫం నుంచి నేరుగా సీక్వెన్స్ చేస్తే మనిషి రీడ్లు (రోగి సొంత డీఎన్‌ఏ ముక్కలు) తప్పకుండా వస్తాయి, ఎన్‌సీబీఐ వాళ్ల హ్యూమన్ స్క్రబ్బర్ అనే సాఫ్ట్‌వేర్‌తో ముందే తీసేయండి. బయోశాంపుల్‌లో తప్పు దిద్దాలంటే వాళ్లకి ఈమెయిల్ రాయాల్సి రావడం ఒక్కటే మాకు విసుగు.

మన దగ్గర ప్రభుత్వ నిధులతో చేసిన పని అయితే జీవశాస్త్ర డేటా పంచుకోవడంపై 2021లో వచ్చిన బయోటెక్ ప్రైడ్ మార్గదర్శకాలు చూసి, ఫరీదాబాద్‌లోని మన దేశపు భాండాగారం, ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లో కూడా పెట్టాలా అన్నది ముందే తేల్చుకోండి.