సొంత దేశం ర్యాలీనా, పొరుగు దేశం ర్యాలీనా: గ్రావెల్ డ్రైవర్‌కు ఏది మేలు?

ఫిన్లాండ్‌కీ ఎస్టోనియాకీ మధ్య ఉన్నది ఒక సన్నటి సముద్రపు పాయ. హెల్సింకి నుంచి టాలిన్ సుమారు 80 కిలోమీటర్లు, ఓడెక్కితే రెండు గంటల ప్రయాణం. భాషలు కూడా దగ్గరి చుట్టాలే. ఈ మధ్యకాలంలో ఈ రెండు దేశాల నుంచీ కార్ల ర్యాలీ పందేల్లో ప్రపంచ చాంపియన్లు వచ్చారు. ఎస్టోనియాకు చెందిన ఒట్ తానాక్ 2019లో, ఫిన్లాండ్ కుర్రాడు కల్లె రొవాన్‌పెరా 2022లోనూ 2023లోనూ టైటిల్ గెలిచారు. ఇద్దరూ వేగమైన గ్రావెల్ (కంకర) రోడ్ల మీద ఆరితేరినవాళ్లే.

వాళ్ల విజయాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఫిన్లాండ్ ర్యాలీని తానాక్ మూడుసార్లు గెలిచాడు: 2018, 2019, 2022. సొంత ఎస్టోనియాలో ప్రపంచ చాంపియన్‌షిప్ రౌండ్ (ఆ చాంపియన్‌షిప్‌లో భాగమైన ఒక ర్యాలీ) గెలిచింది ఒక్కసారే, 2020లో. రొవాన్‌పెరాది సరిగ్గా దీనికి తలకిందులు. ఎస్టోనియాలో వరసగా 2021, 2022, 2023లో గెలిచాడు. పుట్టిన ఊరు యువాస్కిలాలోనే జరిగే ఫిన్లాండ్ ర్యాలీ గెలవడానికి మాత్రం 2025 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ ఒక్కసారే.

ఎవరింట్లో వాళ్లు గెలవాల్సింది పోయి ఒకరింట్లో ఒకరు గెలిచారు. కొంత యాదృచ్ఛికం ఉండొచ్చు గానీ, ఇదంతా యాదృచ్ఛికమేనంటే నేను ఒప్పుకోను. సొంత గడ్డ మీద ర్యాలీ అంటే సగం గెలిచినట్టే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అది ఎంతవరకు నిజమో ఈ ఇద్దరి ద్వారా చూస్తే బాగా అర్థమవుతుంది.

ఇంటివాడికి ఉండే లాభం

ర్యాలీ జరిగేది మామూలు జనం రోజూ తిరిగే రోడ్ల మీదే. ఆ పూటకు రోడ్డు మూసేసి ఒక్కో కారునీ విడిగా వదులుతారు. ముందుగా రెక్కీలో డ్రైవరూ కో-డ్రైవరూ ఒక్కో స్టేజ్‌లో (సమయం లెక్కగట్టే రోడ్డు ముక్కలో) రెండుసార్లు మాత్రమే మెల్లగా తిరిగి, ప్రతి మలుపునూ ప్రతి ఎత్తునూ పేస్ నోట్స్‌లో రాసుకుంటారు. పోటీలో డ్రైవర్ కంటికి కనిపించని దాన్ని కో-డ్రైవర్ గొంతు చెబుతుంది.

ఫిన్లాండ్ రోడ్లలో అసలు సమస్య ఎత్తులే. రోడ్డు వెడల్పుగా, అడుగు గట్టిగా ఉంటుంది. కానీ ఎత్తు దాటితే అవతల ఏముందో కనబడదు. ఔనిన్‌పోహ్యా లాంటి స్టేజ్‌లో కారు గాల్లోకి లేస్తుంది. లేచాక ఇక స్టీరింగ్‌తో చేసేదేమీ ఉండదు. ఎక్కడ దిగాలన్నది లేవక ముందే తేలిపోవాలి. చిన్నప్పటి నుంచి ఆ రోడ్ల మీద తిరిగినవాడికి ఇది ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది.

ఒకప్పుడు ఈ లాభం చాలా పెద్దది. 1951లో మొదలైన ఈ ర్యాలీని నార్డిక్ దేశాల బయటివాడు మొదటిసారి గెలిచింది 1990లో. అతను స్పెయిన్ డ్రైవర్ కార్లోస్ సైంజ్. అంటే దాదాపు నలభై ఏళ్లు. ఫిన్లాండ్ డ్రైవర్లు హన్ను మికోలా, మార్కస్ గ్రోన్‌హోమ్ చెరో ఏడుసార్లు గెలిచారు. ఆ రోజుల్లో ఈ ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే జవాబుకు ఒక్క నిమిషం కూడా పట్టేది కాదు.

ఇప్పుడు పడుతుంది. రెక్కీ అందరికీ సమానం. గతేడాది కార్ల లోపల తీసిన వీడియోలు ఎవరైనా తెప్పించుకుని రాత్రంతా చూడొచ్చు. గ్రోన్‌హోమ్ చివరి విజయం 2007లో. ఆ తర్వాత 2008 నుంచి 2025 వరకు ఫిన్లాండ్ ర్యాలీ 17 సార్లు జరిగింది (2020లో కోవిడ్ వల్ల జరగలేదు). అందులో ఫిన్లాండ్ డ్రైవర్లు గెలిచింది ఆరుసార్లు. ఫ్రెంచ్ డ్రైవర్లు లోబ్, ఓజియే కలిసి ఐదుసార్లు, బ్రిటన్ వాళ్లు మీక్, ఎవాన్స్ కలిసి మూడుసార్లు గెలిచారు. మిగతా మూడూ తానాక్‌వే. ఇంటివాళ్లకు లాభం పూర్తిగా పోలేదు గానీ, బయటివాళ్లు అందుకోలేనంత దూరంలో ఇప్పుడు లేదు.

ఇంటివాడి మీద పడే బరువు

లాభం తగ్గింది, బరువు మాత్రం తగ్గలేదు. సొంతింట్లో పెళ్లి జరుగుతుంటే ఇంటాయనకు కూర్చుని తీరిగ్గా భోంచేసే యోగం ఉండదు. హోమ్ ర్యాలీ వారంలో డ్రైవర్ పరిస్థితి అచ్చం అలాగే ఉంటుంది. స్పాన్సర్ల విందులు, టీవీ ఇంటర్వ్యూలు, చిన్ననాటి స్నేహితులు, ప్రతి స్టేజ్ అంచున తన పేరున్న జెండాలు. వాటిలో ఏ ఒక్కటీ చెడ్డది కాదు. కానీ అన్నీ కలిసి నిద్రనూ ఏకాగ్రతనూ కొంచెం కొంచెం తింటాయి. అంతకంటే ముఖ్యంగా, రెండో స్థానం చాలు అని సర్దుకునే స్వేచ్ఛను లాగేసుకుంటాయి. చాంపియన్‌షిప్ గెలిచేది అలా సర్దుకోవడం తెలిసినవాళ్లే. సొంత జనం ముందు అది చాలా కష్టం.

రొవాన్‌పెరా కథ చూద్దాం. 2021లో సొంత ర్యాలీలో రోడ్డు దాటి మట్టి దిబ్బను కొట్టాడు. 2022లో తానాక్ వెనక 6.8 సెకన్లతో రెండోవాడయ్యాడు. 2023లో ముందంజలో ఉండగా కారు బోల్తా పడింది. 2024 మరీ బాధ కలిగించింది. ఆఖరి రోజు, మిగిలింది రెండు స్టేజ్‌లు, చేతిలో 40 సెకన్లకు పైగా ఆధిక్యం. అలాంటి స్థితిలో దారిలో పడి ఉన్న ఒక రాయి తగిలి కారు చెట్లలోకి వెళ్లింది. విజయం ఓజియేకు దక్కింది. ఆ రాయి ఎవరికైనా తగిలేదే, దానికి ఒత్తిడిని తప్పుపట్టడం న్యాయం కాదు. కానీ నాలుగేళ్లలో మూడుసార్లు ఇలా జరిగిందంటే, సొంత రోడ్ల మీద అతను అంచుకు మరీ దగ్గరగా నడిపాడని నాకనిపిస్తుంది.

అదే మనిషి ఎస్టోనియాలో ఎంత నిబ్బరంగా నడిపాడో చూడండి. 2021లో అక్కడ గెలిచినప్పుడు అతని వయసు 20 ఏళ్లు. ప్రపంచ ర్యాలీ గెలిచినవాళ్లలో అంత చిన్నవాడు అప్పటిదాకా లేడు. 2022లోనూ 2023లోనూ పాయింట్లలో ముందున్నాడు కాబట్టి మొదటి రోజు అందరికంటే ముందు రోడ్డు మీదికి వెళ్లాల్సి వచ్చింది. గ్రావెల్ ర్యాలీలో ఇది పెద్ద శిక్ష. మొదటి కారు పైనున్న వదులు కంకరను ఊడ్చుకుంటూ పోతుంది. వెనక వచ్చేవాళ్లకు పట్టున్న శుభ్రమైన గీత దొరుకుతుంది. అంత ప్రతికూలతతోనూ రెండేళ్లూ గెలిచాడు.

తానాక్ సంగతి వేరు. అతని సొంత ర్యాలీ చరిత్రలో అతని తప్పుల కంటే దురదృష్టం ఎక్కువ. 2020 సెప్టెంబర్‌లో, కోవిడ్ విరామం తర్వాత జరిగిన మొదటి రౌండే ఎస్టోనియా. ఆ దేశానికి ప్రపంచ చాంపియన్‌షిప్ రౌండ్ దక్కడం అదే తొలిసారి. అదే ఏడాది జనవరిలో మాంటే కార్లోలో అతని కారు అతి వేగంలో లోయలోకి పల్టీలు కొట్టింది. ఆ ప్రమాదం నుంచి లేచి వచ్చి సొంతవాళ్ల ముందు గెలిచాడు. నాకు ఈ మొత్తం లెక్కలో అన్నిటికంటే ఇష్టమైన విజయం అదే. తర్వాత 2021లో పంక్చర్లతో మొదటి రోజే ఆగిపోయాడు. 2022లో మూడో స్థానం. 2023లో ర్యాలీ మొదలవకముందే ఇంజిన్ మార్చాల్సి వచ్చి ఐదు నిమిషాల పెనాల్టీ పడింది. 2025లో రెండో స్థానం, గెలిచింది ఒలివర్ సోల్‌బర్గ్.

పొరుగు దేశం ఎందుకు కలిసొచ్చింది?

రొవాన్‌పెరా అసలు బడి ఫిన్లాండ్ కాదు. తండ్రి హర్రి రొవాన్‌పెరా కూడా ర్యాలీ డ్రైవరే, 2001లో స్వీడన్ ర్యాలీ గెలిచాడు. పిల్లవాడు ఎనిమిదేళ్లకే స్టీరింగ్ పట్టాడు. కానీ స్వదేశంలో లైసెన్స్ వయసు అడ్డు. అందుకే లాట్వియా వెళ్లి పోటీ చేశాడు. 2016లో 16 ఏళ్లకే ఆ దేశపు చాంపియన్ అయ్యాడు. లాట్వియా, ఎస్టోనియా రోడ్లు ఒకే కుటుంబం. ఫిన్లాండ్‌తో పోలిస్తే చాలాచోట్ల సన్నగా, అడుగున మెత్తటి ఇసుకతో ఉంటాయి. మొదటిసారి బాగానే ఉన్న రోడ్డు రెండోసారికి లోతైన గాళ్లు పడుతుంది. గాడిలో చక్రం పెట్టాక దాన్ని నమ్మి వదలాలి, పోరాడితే కారు బయటికి విసిరేస్తుంది. ఈ ఓపిక అతను పదహారేళ్లకే నేర్చుకున్నాడు. 2024లో లాట్వియాకు ప్రపంచ రౌండ్ వచ్చినప్పుడు అక్కడా అతనే గెలిచాడు.

తానాక్ వైపు చూస్తే, ఎస్టోనియా డ్రైవర్లకు ఫిన్లాండ్ ఎప్పుడూ పరాయి కాదు. తానాక్‌కు దారి చూపిన మార్కో మార్టిన్ 2003లోనే ఫిన్లాండ్ ర్యాలీ గెలిచాడు. తానాక్ నడిపేటప్పుడు యువాస్కిలా అడవులు నిండా ఎస్టోనియా జెండాలే కనిపించేవి. అంటే అభిమానుల అరుపులు ఉన్నాయి, రోడ్డు స్వభావం తెలుసు, కానీ దేశం మొత్తం తన గెలుపును బాకీలా అడగడం లేదు. పొరుగు దేశం ర్యాలీ ఇచ్చే వరం ఇదే.

నా వాదనకు ఎదురు నిలిచే సంగతి కూడా చెప్పాలి. తానాక్ 2018, 2019లో నడిపింది టయోటా. ఆ జట్టు స్థావరం యువాస్కిలా దగ్గరే, పరీక్షించే రోడ్లూ అక్కడివే. కాబట్టి ఆ రెండు విజయాల్లో కారు వాటా పెద్దది. రొవాన్‌పెరా కూడా టయోటానే. కానీ 2022లో తానాక్ గెలిచింది హ్యుందాయ్‌తో. అంతకుముందు ఆ జట్టు ఫిన్లాండ్‌లో ఒక్కసారి కూడా గెలవలేదు. ఆ ఒక్క ఫలితం కారు వాదనను చాలావరకు తేల్చేస్తుంది.

కెన్యాలో జరిగే సఫారీ ర్యాలీని ఈ లెక్కలోకి తేవాలని కొందరంటారు. పాత రోజుల్లో అక్కడ స్థానిక జ్ఞానానికి తిరుగులేదు. శేఖర్ మెహతా ఐదుసార్లు, జోగిందర్ సింగ్ మూడుసార్లు గెలిచారు. 2021లో సఫారీ మళ్లీ ప్రపంచ చాంపియన్‌షిప్‌లోకి వచ్చాక 2025 దాకా గెలిచినవాళ్లందరూ కార్ల కంపెనీల సొంత జట్లతో బయటి దేశాల నుంచి వచ్చిన డ్రైవర్లే. కానీ కెన్యా డ్రైవర్లు తక్కువ తరగతి కార్లలో పోటీ చేస్తారు. ఆ పోలిక న్యాయంగా ఉండదు కాబట్టి వదిలేస్తున్నాను.

మరి ఏది మేలు?

గెలవడానికైతే పొరుగు దేశం. నా మాట ఇదే. రోడ్డు తెలిసినదై ఉండాలి, గుండె మీద బరువు ఉండకూడదు. ఈ రెండూ కలిసి దొరికేది అక్కడే.

అలాగని హోమ్ ర్యాలీని తప్పించుకోమని కాదు. 2017లో ఫిన్లాండ్‌లో గెలిచిన ఆ దేశపు డ్రైవర్ ఎసపెక్క లప్పికి అగ్రశ్రేణి కారులో అది నాలుగో ర్యాలీ మాత్రమే. అతని మీద ఎవరికీ ఆశలు లేవు, బరువూ లేదు. కొత్తవాడికి సొంత గడ్డ వరం అవుతుంది. చాంపియన్ అయ్యాక అదే సొంత గడ్డ పరీక్ష పెడుతుంది. 2025లో రొవాన్‌పెరా చివరికి గెలిచినప్పుడు మొదటి ఐదు స్థానాలూ టయోటాలవే, సగటు వేగం గంటకు 130 కిలోమీటర్లకు చేరువ. అప్పటికి అతను ఇంటా బయటా అన్నీ చూసేశాడు.

లాట్వియా డ్రైవర్ మార్టిన్స్ సెస్క్స్ కూడా గుర్తొస్తాడు. 2024 జూన్‌లో పోలండ్‌లో మొదటిసారి అగ్రశ్రేణి కారు నడిపి ఐదో స్థానంలో వచ్చాడు. మూడు వారాలకు సొంత దేశంలో దిగి, పోడియం అందుకోబోతూ చివరి స్టేజ్‌లో కారు మొరాయించడంతో ఏడో స్థానానికి పడిపోయాడు. ఫలితం పోయినా వరస మాత్రం సరైనదే: ముందు దగ్గరి దేశం, తర్వాత ఇల్లు.

హైదరాబాద్, విజయవాడల నుంచి ర్యాలీలోకి రావాలనుకునే మన పిల్లలకు ఈ వరస అనుకోకుండానే అబ్బింది. జాతీయ చాంపియన్‌షిప్ రౌండ్లు ఏళ్లుగా ఎక్కువగా చెన్నై, కోయంబత్తూరు, చిక్కమగళూరు వైపు జరిగాయి. మనకు అవన్నీ పొరుగు ర్యాలీలే. ఆసియా పసిఫిక్ ర్యాలీ టైటిల్‌ను 2013, 2016, 2017లో గెలిచి, 2019లో అర్జున అవార్డు అందుకున్న గౌరవ్ గిల్‌ది కూడా ఢిల్లీ; అతనికీ దక్షిణాది మట్టి పుట్టిల్లు కాదు. మన దగ్గర రౌండ్ లేదని బాధపడుతూ కూర్చోకుండా, కాఫీ తోటల మధ్య మలుపులను రెక్కీలో రెండుసార్లు శ్రద్ధగా రాసుకోవడం మొదలుపెడితే చాలు. తెలుగు నేల మీద గ్రావెల్ రౌండ్ వచ్చే రోజుకి వాళ్లు సిద్ధంగా ఉంటారు.