హీటెడ్ జాకెట్: ఒంటికి పట్టినట్టుండే సైజా, ఒక సైజు పెద్దదా, ఏది మేలు?

చలికోటు కొనేటప్పుడు చాలామందికి ఒక అలవాటు ఉంటుంది, లోపల స్వెటర్ పట్టాలి కదా అని ఒక సైజు పెద్దది తీసుకోవడం. మామూలు కోటుకి ఆ లెక్క బాగానే పనిచేస్తుంది. ఒంటి వేడి బయటికి పోకుండా ఆపడమే దాని పని కాబట్టి మధ్యలో కాస్త గాలి నిలిచినా మంచిదే. బ్యాటరీతో వేడెక్కే జాకెట్ సంగతి వేరు. దాంట్లో వీపు పైభాగాన, ఛాతీకి రెండు వైపులా, కొన్నిటికి కాలర్లోనూ నడుం దగ్గరా అరచేయంత ప్యానెళ్లు ఉంటాయి, వాటిలో కార్బన్ ఫైబరో సన్నటి తీగలో వేడెక్కుతాయి. ఆ వేడి మనకు తెలియాలంటే ప్యానెల్ ఒంటికి ఆనుకుని ఉండాలి. జాకెట్ వదులుగా వేలాడుతుంటే ఆ వేడంతా మధ్యలో ఉన్న గాలికి పోతుంది, నడిచినప్పుడల్లా ఆ గాలి కాలర్ సందులోంచి, కింది అంచులోంచి బయటపడుతుంది. మనమేమో ఇది సరిగ్గా వేడెక్కట్లేదు అనుకుని బటన్ నొక్కి హైలో పెడతాం.

అక్కడే బ్యాటరీ లెక్క మొదలవుతుంది. 7.4 వోల్టుల 5000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే 37 వాట్-అవర్లు, అంటే 37 వాట్లు లాగే వస్తువుని ఒక గంట నడిపేంత. హైలో జాకెట్ 12 వాట్లు లాగుతుందనుకుంటే మూడు గంటలు వస్తుంది, లోలో 5 వాట్లే లాగితే ఏడు గంటలు దాటుతుంది. పైగా గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీ పూర్తి సామర్థ్యం ఇవ్వదు. ఒంటికి పట్టిన జాకెట్‌లో లో, మీడియం సరిపోతాయి, వదులు జాకెట్‌లో హై పెట్టినా వీపు చల్లగానే ఉంటుంది. పెద్ద బ్యాటరీ ఉన్న మోడల్ కోసం వెతికే ముందు సైజు సరిచూసుకోవడం మేలని నేననేది ఇందుకే.

అలాగని బిగుతుగా ఉన్నది తీసుకుందామా? అదీ వద్దు. మరీ టైటుగా ఉంటే ప్యానెల్ వెనకున్న దూది అణిగిపోయి వేడి బయటివైపుకి పోతుంది. వంగినప్పుడు, చేతులు చాపినప్పుడు భుజాల దగ్గర బట్ట లాగుతుంది, తీగలు అతుకుల దగ్గర ఒత్తిడి పడి తెగే ప్రమాదం ఉంది. ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు: 44 డిగ్రీల వేడి కాసేపు ముట్టుకుంటే చర్మం కాలదు, కానీ అదే చోట గంటల తరబడి చర్మానికి అదుముకుని ఉంటే కాలుతుంది. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లకు, జాకెట్‌తోనే నిద్రపోయేవాళ్లకు ఈ భయం ఎక్కువ. అందుకే ఎంత ఒంటికి పట్టే సైజు తీసుకున్నా లోపల పల్చటి ఫుల్‌హ్యాండ్స్ ఇన్నర్ ఉండాల్సిందే. లావుపాటి స్వెటర్ మాత్రం ప్యానెల్‌కీ ఒంటికీ మధ్య వద్దు, వేసుకోవాలంటే జాకెట్ పైన వేసుకోండి.

ఇక అసలు తలనొప్పి, మీడియంకీ లార్జ్‌కీ మధ్యలో పడేవాళ్లది. నేనైతే జాకెట్ ఎక్కడ వేసుకుంటారని అడుగుతాను. పైన ఇంకో కోటో రెయిన్‌కోటో వేసుకునేవాళ్లయితే చిన్న సైజే తీసుకోండి, ఆ పై కోటు దాన్ని ఇంకాస్త ఒంటికి అదిమి ఉంచుతుంది. అదే పైపొరగా, ఒక్కదాన్నే వేసుకుంటే చేతులు చాపినప్పుడు భుజాల దగ్గర పట్టేయనంతవరకు చిన్నది, పట్టేస్తే పెద్దది. చేతుల్లేని వెస్టుకి ఆ గొడవ లేదు కాబట్టి వెస్టయితే కళ్లు మూసుకుని చిన్నది. పక్కల సాగే బట్టో, లాగి బిగించుకునే పట్టీలో ఉన్న మోడల్ దొరికితే ఇంకా సుఖం, ముఖ్యంగా ఛాతీకి ఒక సైజు, పొట్టకి ఒక సైజు కావాల్సినవాళ్లకి. అలాంటివాళ్లు పొట్టకి సరిపోయేది కొని పట్టీలు బిగించుకోవచ్చు.

కొలత తీసేటప్పుడు లోపల వేసుకోబోయే ఇన్నర్ మీదే తీయండి, టేపు చంకల కింద నుంచి ఛాతీ బాగా వెడల్పున్న చోట చుట్టూ తిప్పి, ఊపిరి బిగబట్టకుండా. సైజుల పట్టికలో ఉన్నది ఒంటి కొలతా బట్ట కొలతా అన్నది తప్పకుండా చూడండి, సగం పొరపాట్లు ఇక్కడే. ఒక్కో కంపెనీ లార్జ్ ఒక్కోలా ఉంటుంది, కాబట్టి అక్షరాన్ని కాకుండా సెంటీమీటర్లను నమ్మండి.

బైక్ మీద వేసుకునేదైతే నిలబడి చూస్తే చాలదు. బండి బ్యాటరీ నుంచి 12 వోల్టులు తీసుకునే లైనర్లు రైడింగ్ జాకెట్ లోపల వేసుకునేవి, రెండూ కలిపి తొడుక్కుని, హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగి చూడాలి. అలా వంగినప్పుడు వెనక అంచు నడుం పైకి వచ్చేస్తే ఆ జాకెట్ వద్దు. బ్యాటరీ జేబులో పెట్టుకునే జాకెట్ అయితే, కూర్చున్నప్పుడు ఆ బ్యాటరీ పొట్టకో తుంటికో గుచ్చుకుంటుందేమో కూడా చూడాలి. ఖాళీ జేబుతో వేసి చూస్తే ఇది తెలియదు.

గ్లౌజులు, సాక్సుల దగ్గరకి వచ్చేసరికి నా సలహా తిరగబడుతుంది. వేళ్ల చివర్లకి రక్తం సరిగ్గా అందకపోతే ఎంత వేడి పెట్టినా లాభం లేదు, కాబట్టి గ్లౌజు ఏ మాత్రం బిగుతుగా ఉన్నా పెద్ద సైజుకే వెళ్లండి. పిడికిలి బిగించినప్పుడు వేళ్ల చివర పట్టేయకూడదు, అలాగని చివర సగం వేలు ఖాళీ కూడా ఉండకూడదు. సాక్సులు పెద్దవైతే పాదం కింద మడతపడి, ఆ మడతలోనే తీగ నలుగుతుంది, అందుకని సాక్సుల్లో మాత్రం పాదానికి సరిపోయే సైజే. అక్కడ వదులు ఉండాల్సింది బూటులో. పల్చటి సాక్సుకి సరిపోయేలా కొన్న బూటులో లావుపాటి హీటెడ్ సాక్సు దూరిస్తే కాలు మొద్దుబారుతుంది, అప్పుడు బూటు మార్చాలి లేదా హీటెడ్ సాక్సుల ఆలోచన మానుకోవాలి.

ఏది కొన్నా ట్యాగులు తీయకముందే ఇంట్లో పది నిమిషాలు ఆన్ చేసి చూడండి. జిప్ పైదాకా వేసి, లోలో పెట్టి, కాసేపు అటూ ఇటూ తిరగండి. ఒక చోట వేడి అసలు తెలియట్లేదనుకోండి, ఆ చోట బయట నుంచి అరచేత్తో ఒంటికి అదిమి పట్టుకోండి, వీపు మీదయితే ఇంకొకరిని అదమమనండి. ఒక నిమిషంలో వెచ్చదనం తెలిస్తే ప్యానెల్ బాగానే ఉంది, సైజే ఎక్కువైంది, చిన్నదానికి మార్చుకోండి. ఎంత అదిమినా చల్లగానే ఉంటే సైజు జోలికి పోకుండా అదే సైజులో ఇంకొకటి ఇవ్వమని అడగండి.