ఇంటి లెక్కలకు ఎస్‌క్యూలైట్: పదకొండేళ్ళ వాడకం తర్వాత

ఆఫీసులో నేను చూసే డేటాబేస్‌కి రాత్రింబవళ్ళు కాపలా కాసే టీమ్ ఉంది. షిఫ్టులు, అలర్టులు, అర్ధరాత్రి ఫోన్లు, పొద్దున్నే మీటింగులు. ఇంట్లో ఉన్న డేటాబేస్‌కి నేనొక్కణ్ణే, అదీ ఆదివారం టిఫిన్ అయ్యాక. దాని పేరు ఎస్‌క్యూలైట్ (SQLite), మొత్తం ఒకే ఫైల్లో దాచుకునే చిన్న డేటాబేస్. 2014లో పాల లెక్కతో మొదలుపెట్టాను. ఇప్పుడు అదే ఫైల్లో ఇంటి ఖర్చులు, నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ వసూళ్ళు, వాటర్ ట్యాంకర్లు, అమ్మ షుగర్ రీడింగులు అన్నీ ఉన్నాయి. ఇంతా చేసి ఫైలు 38 ఎంబీ. మా వాట్సాప్ గ్రూపులో వచ్చే పెళ్ళి వీడియో ఇంతకంటే బరువుంటుంది.

పేరు ఎలా పలకాలన్నది ఎడతెగని గొడవ. దీన్ని రాసిన రిచర్డ్ హిప్ ఏదో ఖనిజం పేరులాగా ‘ఎస్‌క్యూఎల్-ఐట్’ అంటారు. మా ఆఫీసులో అందరూ ‘సీక్వలైట్’ అంటారు. నేను మధ్యేమార్గంగా ఎస్‌క్యూలైట్ అని సరిపెట్టుకున్నాను.

దీని పుట్టుక కథ నాకు ఇష్టం. హిప్ అప్పట్లో అమెరికా నౌకాదళపు యుద్ధనౌకకి సంబంధించిన సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నారు. డేటాబేస్ సర్వర్ పడిపోతే ప్రోగ్రామూ ఆగిపోయేది, తిట్లు మాత్రం ప్రోగ్రాముకే వచ్చేవి. అసలు సర్వరే లేకుండా, ఫైల్ నుంచి నేరుగా చదివి నేరుగా రాస్తే పోదా అనుకున్నారట. 2000 ఆగస్టులో మొదటి వెర్షన్ వచ్చింది. లైసెన్స్ లేదు, కోడ్ మొత్తం పబ్లిక్ డొమైన్‌లో ఉంది, అంటే ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు. కోడ్ ఫైళ్ళ పైన లైసెన్స్ ఉండాల్సిన చోట మంచే చేయండి, చెడు చేయకండి అనే అర్థంలో చిన్న దీవెన ఉంటుంది. మీ ఆండ్రాయిడ్ ఫోన్లోనూ, ఐఫోన్లోనూ, బ్రౌజర్లోనూ ఇది ఉంది. కాబట్టి నేను దీన్ని వాడలేదు అని చెప్పగలిగినవాళ్ళు ఈ వ్యాసం చదువుతున్నవాళ్ళలో ఎవరూ ఉండరు.

నా సెటప్ చాలా మామూలుది. టీవీ వెనక ఒక రాస్ప్‌బెర్రీ పై, అంటే అరచేతిలో పట్టే కంప్యూటర్. దాని మీద పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన చిన్న ఫారం, ఇంట్లో ఎవరి ఫోన్ నుంచైనా తెరుచుకుంటుంది. చెప్పిన టైమ్‌కి ప్రోగ్రాములు నడిపే క్రాన్‌లో నాలుగైదు స్క్రిప్టులు. నెల మొదట్లో ఒకటి బ్యాంక్ స్టేట్‌మెంట్ చదువుతుంది, ఒకటి బాకీల జాబితా తీస్తుంది, ఒకటి బ్యాకప్ చేస్తుంది. పైథాన్‌కి 2.5 వెర్షన్ నుంచీ ఎస్‌క్యూలైట్ మాడ్యూల్ తోడుగానే వస్తుంది కనుక విడిగా ఇన్‌స్టాల్ చేసేదేమీ లేదు. 2014లో రాసిన పాల స్క్రిప్టు, కొత్త పైథాన్ కోసం ప్రింట్ పక్కన బ్రాకెట్లు పెట్టడం తప్ప పెద్ద మార్పులేమీ లేకుండా ఇంకా నడుస్తోంది. ఈ పదకొండేళ్ళలో మూడు ఫోన్లు, రెండు లాప్‌టాప్‌లు, ఒక ఫ్రిజ్ మార్చాను.

మంచి మాటలు అయ్యాయి. ఇక దెబ్బలు తిన్న కథలు. ముందే చెప్పాలి, ఇందులో చాలా వరకు మాన్యువల్లో రాసిపెట్టి ఉన్నవే. చదవకపోవడం నా తప్పు.

మొదటి దెబ్బ డబ్బు దగ్గరే తగిలింది. బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో మొత్తాలు మన పద్ధతిలో కామాలతో వస్తాయి, 1,25,000.00 అని. కాలమ్‌ని నేను ఇంటిజర్ (పూర్ణాంకం) అని ప్రకటించాను. వేరే డేటాబేస్‌లు చాలావరకు ఇది అంకె కాదు పొమ్మనేవి. ఎస్‌క్యూలైట్ ఏమీ అనలేదు. అంకెగా మార్చడానికి కుదరలేదు కాబట్టి అక్షరాలుగానే దాచిపెట్టింది. తర్వాత మొత్తం కూడమంటే మొదటి కామా దాకా చదివి ఆగింది. లక్షా పాతికవేలు కాస్తా ఒక్క రూపాయి అయింది. కామా లేని చిన్న మొత్తాలు మాత్రం సరిగ్గానే కూడింది, అందుకే రెండు నెలలు నాకు అనుమానం రాలేదు. ఆ ఏడు మా ఇంట్లో పొదుపు బాగా పెరిగిందని మా ఆవిడకి గొప్పగా చెప్పాను కూడా. “మరి ఖాతాలో ఏదీ?” అంది. అప్పుడు వెతికాను.

దీనికి మందు 2021 నవంబర్లో 3.37 వెర్షన్‌తో వచ్చింది. టేబుల్ చేసేటప్పుడు చివర స్ట్రిక్ట్ అని ఒక మాట రాస్తే చాలు, అంకెల కాలమ్‌లో అంకెలే పడతాయి, లేకపోతే ఎర్రర్. కొత్త టేబుల్స్ అన్నీ అలాగే చేస్తున్నాను. రూపాయలు కాకుండా పైసల్లో దాస్తున్నాను. పాత టేబుల్స్ అలాగే ఉన్నాయి, బద్ధకం.

రెండోది అమ్మ షుగర్ కథ. అమ్మ తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చాక పొద్దున్నే ఐదింటికి ఫాస్టింగ్ చూసుకుంటుంది. “ఒరేయ్, నూట ముప్ఫై రెండు, రాసుకో” అని కేకేస్తే నేను నిద్రమత్తులో ఫారంలో కొడతాను. తేదీ, టైమ్ డేటాబేస్ తనంతట తానే వేసుకునేలా పెట్టాను. మూడు నెలల తర్వాత డాక్టరు గారికి చూపిస్తే, ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, “ఒక్కో రోజు ఫాస్టింగ్ రెండుసార్లు ఉందేంటి, మొన్నటిది ఏది, నిన్నటిది ఏది?” అన్నారు. ఎస్‌క్యూలైట్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. మనం దానికంటే ఐదున్నర గంటలు ముందు. పొద్దున ఐదింటికి తీసిన రీడింగ్ దాని లెక్కలో ముందురోజు రాత్రి పదకొండున్నర. అమ్మ కాస్త ఆలస్యంగా, అయిదూ నలభైకి లేచిన రోజున మాత్రం సరైన తేదీ పడింది. అంటే కొన్ని తప్పు, కొన్ని ఒప్పు. అన్నీ ఒకేలా తప్పయితే పట్టుకోవడం సులువయ్యేది.

అమ్మ ఏమీ మాట్లాడకుండా సంచిలోంచి తిథుల క్యాలెండర్ తీసి డాక్టరు గారి ముందు పెట్టింది. ప్రతి గడిలో పెన్సిల్‌తో రెండు అంకెలు. పైన ఫాస్టింగ్, కింద తిన్నాక. నాకు అప్పటిదాకా తెలియదు ఆవిడ విడిగా రాసుకుంటోందని.

ఆ క్యాలెండరే మళ్ళీ ఇంకోసారి నన్ను కాపాడింది. ఫారం తెరిచినప్పుడల్లా ‘డేటాబేస్ ఈజ్ లాక్డ్’ అని వస్తుంటే వాల్ (WAL, రైట్-అహెడ్ లాగ్) మోడ్ పెట్టాను. ఇది 2010 నుంచీ ఉన్న సదుపాయం. రాసేది ముందు పక్కనున్న మరో ఫైల్లో పడుతుంది, తర్వాత తీరిగ్గా అసలు ఫైల్లోకి చేరుతుంది. దాంతో ఒకరు రాస్తుంటే మిగతావాళ్ళు చదువుకోవచ్చు. బాగానే ఉంది. కానీ నా బ్యాకప్ స్క్రిప్టు పాతది. అసలు ఫైల్ని మాత్రమే కాపీ చేస్తుంది. మామూలుగా పక్క ఫైలు వెయ్యి పేజీలు నిండాకనో, ఆఖరి కనెక్షన్ మూసినప్పుడో ఖాళీ అవుతుంది. నా ఫారం కనెక్షన్ ఎప్పుడూ మూసేది కాదు, మా ఇంట్లో రాతలు వెయ్యి పేజీలు నిండాలంటే వారాలు పడుతుంది. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక మెమరీ కార్డు చచ్చిపోయింది. బ్యాకప్ తెరిస్తే చివరి తొమ్మిది రోజులు లేవు. పాల ప్యాకెట్లు, షుగర్, రెండు ట్యాంకర్లు, అన్నీ. అమ్మ క్యాలెండర్ చూసి ఒక సాయంత్రమంతా మళ్ళీ ఎక్కించాను. ట్యాంకర్లు మాత్రం వాచ్‌మన్ పుస్తకంలో దొరికాయి.

ఇప్పుడు బ్యాకప్‌కి ‘వాక్యూమ్ ఇంటూ’ అనే ఒక్క లైను వాడుతున్నాను. డేటాబేస్ నడుస్తుండగానే శుభ్రమైన కాపీ తీసి ఇస్తుంది. మీరు దీన్ని వాడుతూ మామూలు కాపీ కమాండ్‌తో బ్యాకప్ తీస్తుంటే ఈ రోజే మార్చండి. ఫైల్ని క్లౌడ్ ఫోల్డర్లో పెట్టి రెండు కంప్యూటర్ల నుంచి వాడదామన్న తెలివి కూడా వద్దు. అదీ చేశాను, చెప్పుకోవడం ఇష్టం లేదు.

చిన్నచిన్నవి ఇంకా ఉన్నాయి. పైథాన్‌లో కమిట్ (రాసినదాన్ని ఖాయం చేసే ఆదేశం) మరిచిపోతే స్క్రిప్టు అంతా సజావుగా నడిచి, ‘అయిపోయింది’ అని ప్రింట్ చేసి, ఒక్క వరసా దాచకుండా వెళ్ళిపోతుంది. ఒక టేబుల్లో వాడుతున్న వరసని ఇంకో టేబుల్లోంచి తీసెయ్యనివ్వని ఫారిన్ కీ నియమాలు మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి, కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ప్రాగ్మా అనే సెట్టింగ్ ఆదేశంతో ఆన్ చేయాలి. మా రెండో అంతస్తువాళ్ళు ఫ్లాట్ అమ్ముకుని వెళ్తే నేను యజమాని వరస తీసేశాను. వాళ్ళు కట్టాల్సిన 14,000 బాకీ జాబితాలోంచి మాయమైంది. డబ్బు టేబుల్లో ఉంది, మనిషి లేడు. సెక్రటరీ గారు గుర్తుపెట్టుకుని అడిగారు కాబట్టి సరిపోయింది.

తెలుగు విషయం కాస్త తీరిగ్గా చెప్పాలి. ఖర్చుల వివరాలన్నీ తెలుగులోనే రాస్తాను. వెతకడానికి ఎస్‌క్యూలైట్‌లోనే ఉన్న ఎఫ్‌టీఎస్5 అనే సాధనం పెట్టాను. ‘గుడి’ అని వెతికితే గుడి చందాతోపాటు ‘గోడ రిపేరు’, పావురాల ‘గూడు’ తీయించిన కూలీ కూడా వచ్చాయి. నవ్వొచ్చింది, తర్వాత బుర్ర గోక్కున్నాను. అది మాటల్ని ముక్కలు చేసేటప్పుడు అక్షరాలనీ అంకెలనీ మాత్రమే మాటలో భాగంగా లెక్కేస్తుంది. మన గుణింతాలూ పొల్లూ యూనికోడ్ (కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ నంబరిచ్చే పద్ధతి) లెక్కలో అక్షరాలు కావు, గుర్తులు. కాబట్టి కొమ్ము (ు), గుడి (ి), ఓత్వం (ో) ఎక్కడొస్తే అక్కడ కత్తెర పడుతుంది. గుడి, గోడ, గూడు మూడూ దానికి ‘గ’, ‘డ’ అనే రెండు ముక్కలే. టేబుల్ చేసేటప్పుడు కేటగిరీల్లో ఈ గుర్తులకి యూనికోడ్ పెట్టిన ఎంఎన్ (Mn), ఎంసీ (Mc) అనే రెండింటినీ చేరిస్తే ఇది పోతుంది. హిందీవాళ్ళకీ ఇదే తిప్పలు, ఇదే మందు.

అది సరిచేశాక ఇంకో చిక్కు. ‘గుడి’ అంటే ‘గుడికి’ దొరకదు, చివర నక్షత్రం పెట్టాలి. నక్షత్రం పెడితే ‘గుడిసె’ వస్తుంది. ‘గుళ్ళో’ అని రాసింది ఎలాగూ రాదు. ఇందులో ఎస్‌క్యూలైట్ తప్పేమీ లేదు, మన విభక్తులంతే. నేను ఇప్పుడు వివరాలు ప్రథమా విభక్తిలోనే రాయడం అలవాటు చేసుకున్నాను. డేటాబేస్ కోసం నా తెలుగు మార్చుకున్నానని అమ్మకి చెప్పలేదు.

‘సూపర్‌మార్కెట్’ మాత్రం నన్ను ఒక పూటంతా ఏడిపించింది. నెల ఖర్చు విడివిడిగా తీస్తే సూపర్‌మార్కెట్ రెండు వరసల్లో వచ్చింది. చూడటానికి ఇంచుమించు ఒకటే. లాప్‌టాప్‌లో కొట్టినదాంట్లో ‘ర్’ తర్వాత అక్షరాల్ని అతుక్కోనివ్వని, కంటికి కనపడని గుర్తు ఒకటి ఉంది, ఫోన్లో కొట్టినదాంట్లో లేదు. ఇప్పుడు ఫారంలోనే ఆ గుర్తు తీసేసి దాస్తున్నాను. అక్షర క్రమం కూడా అచ్చంగా మన వర్ణమాల కాదు. యూనికోడ్ నంబర్ల ప్రకారం ‘ళ’ వచ్చి ‘ల’ పక్కన కూర్చుంది కాబట్టి ‘కవి’ కంటే ‘కళ’ ముందొస్తుంది. మా ఒకటో తరగతి మాస్టారు చూస్తే ఒప్పుకోరు. నాకు పర్వాలేదు.

మరి ఇన్ని తిప్పలు పడి ఎందుకు ఉంచుకున్నావంటే, ట్యాంకర్ల లెక్క చెప్తాను. ఒక వేసవిలో అసోసియేషన్ మీటింగ్‌లో పెద్ద గొడవ. ట్యాంకర్లకు ఇంత ఖర్చెలా అయింది, సగం దొంగ లెక్కలు అన్నారు. నేను ఫోన్ తీసి అక్కడే ఒక క్వెరీ, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న, రాశాను. నెలవారీగా ఎన్ని ట్యాంకర్లు, ఎన్ని లీటర్లు, ఏ టైమ్‌కి వచ్చాయి. అర సెకను కూడా పట్టలేదు. సోమవారాలే ఎక్కువ ఉన్నాయి. ఎందుకా అని చూస్తే ఆదివారం అందరూ బట్టలు ఉతుకుతారు, కార్లు కడుగుతారు. దొంగ ఎవరూ కాదు, వాషింగ్ మెషిన్లు. గొడవపడ్డాయన, “సార్, ఇదంతా మీరెప్పుడు రాశారు?” అన్నారు. రాసింది వాచ్‌మన్. నేను ఎక్కించానంతే. ఇలాంటి ప్రశ్న ముందుగా ఊహించి రిపోర్టు తయారుచేసి పెట్టుకోలేం. డేటా ఉంటే అప్పటికప్పుడు అడగొచ్చు.

ఎవరికి పనికొస్తుంది అంటే, ఒకే మెషిన్, రాసేవాళ్ళు తక్కువ, చదివేవాళ్ళు ఎంతమందైనా సరే అనుకునేవాళ్ళకి. ఒకేసారి రాయగలిగేది ఒక్కరే, ఆ హద్దు వాల్ మోడ్‌లో కూడా పోదు. పదిమంది ఒకేసారి రాసే వ్యాపారమైతే పోస్ట్‌గ్రెస్ లాంటి సర్వర్ డేటాబేస్ పెట్టుకోండి, దానికి కావలసిన కాపలా కూడా పెట్టుకోండి. సైజు గురించి బెంగ వద్దు, సిద్ధాంతంలో 281 టెరాబైట్ల దాకా పోతుంది. ప్రాజెక్టువాళ్ళు 2050 దాకా చూసుకుంటామని మాటిచ్చారు. మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ వారంటీ రెండేళ్ళు.

మొన్న ఉగాదికి కోశాధికారి పదవి దిగిపోయాను. కొత్తాయనకి ఫైల్ ఇస్తానంటే, “అదంతా మనకెందుకు సార్, స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకునేలా పంపండి” అన్నారు. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్) తీసి పంపాను. మా ఫ్లాట్ నంబర్లు అంతస్తు-ఇల్లు పద్ధతిలో ఉంటాయి, 3-4, 2-1 అని. నా డేటాబేస్‌లో పదకొండేళ్ళుగా అవి అలాగే ఉన్నాయి. ఆయన స్ప్రెడ్‌షీట్ తెరవగానే అవన్నీ తేదీలయ్యాయి. ఈ నెల గ్రూపులో వచ్చిన బాకీల జాబితాలో మా ఇల్లు ‘3 ఏప్రిల్’. కింది అంతస్తులో ఒకళ్ళు ‘2 జనవరి’. మా ఆవిడ ఫోన్లో ఎవరికో చెప్తోంది, “మేమా, ఏప్రిల్ మూడులో ఉంటామండీ.”