లెన్స్ అమ్మేసి బైనాక్యులర్ కొన్నాను: 8×42 మీద ఏడాది వాడాక నా మాట

పక్షుల ఫోటోలు తీసే పిచ్చి నాకు పదేళ్ల పైమాటే. ఏలూరులో ఉంటూ, కొల్లేరును పక్కనే పెట్టుకుని, ఆ పిచ్చి పట్టకపోతేనే ఆశ్చర్యం. 150-600 లెన్స్, దానికి తగ్గ కెమెరా, ట్రైపాడ్, బ్యాగు, అన్నీ కలిపితే ఓ పసిపిల్లాడి బరువు. కిందటేడు లెన్స్ అమ్మేశాను. ఆ డబ్బులో కొంత పెట్టి 8×42 బైనాక్యులర్ కొన్నాను. చలికాలం, ఎండలు, వానలు మూడూ దాంతో తిరిగాను కాబట్టి ఇప్పుడు రాస్తే న్యాయంగా ఉంటుందని రాస్తున్నాను.

కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. పదిహేను, ఇరవై వేల మధ్య దొరికే సరుకులో పేరు కన్నా చూడాల్సినవి వేరే ఉన్నాయి. పేరు చెప్పానంటే కామెంట్లలో ఆ కంపెనీ గొప్పా ఈ కంపెనీ గొప్పా అన్న తగువే మిగులుతుంది.

లెన్స్ ఎందుకు అమ్మావని అడిగిన వాళ్లకి భుజం నొప్పి అని చెప్పాను. అదీ నిజమే గానీ అసలు సంగతి వేరు. ఉత్సాహం పోయింది. ఒక్కరోజులో పోలేదు, కారుతున్న కుళాయిలా నెమ్మదిగా పోయింది. కొల్లేరులో పక్షులు గూళ్లు కట్టే ఆటపాకలో గూడబాతు (పెలికాన్) రెక్కలు విప్పిన ఫోటోలు నా హార్డ్ డిస్కులో ఎన్ని ఉన్నాయో నాకే తెలీదు. అయినా వెళ్లిన ప్రతిసారీ మళ్లీ అదే తీయాలి, ఎందుకంటే నిన్ననే పక్షి ఫోటోల గ్రూపులో ఎవరో ఇంకా షార్పుగా తీసి పెట్టారు. ఆదివారం పొద్దున షూటింగు, ఆదివారం సాయంత్రం ఏరివేత. కంటిలో వెలుగు చుక్క పడిందా, రెక్క అంచు తెగిందా, వెనకాల కొమ్మ అడ్డొచ్చిందా. "ఆ పక్షి ఏం చేస్తోంది నాన్నా?" అని మా అమ్మాయి అడిగితే "లైటింగ్ బాగా కుదిరిందమ్మా" అని చెప్పేవాణ్ణి. దానికి నవ్వొచ్చేది, నాకు రాదు.

పైగా ఫోన్లో పక్షి కూత పెట్టి, పాపం దాన్ని పొదలోంచి బయటికి రప్పించి ఫోటో తీసే బ్యాచ్ ఒకటి తయారైంది. గూడు కట్టుకునే రోజుల్లో ఆ పని చేస్తే పక్షి తన పని మానేసి, లేని శత్రువు కోసం వెతుక్కుంటుంది. వాళ్ల పక్కన నిలబడి నేనూ షట్టర్ నొక్కుతుంటే ఒళ్లు జలదరించేది. సరే, ఇక వస్తువు సంగతికొస్తాను.

8 అంటే ఎనిమిది రెట్లు. ఎనభై మీటర్ల దూరంలో ఉన్న కొంగ పది మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. 42 అంటే ముందు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. 42ని 8తో భాగిస్తే 5.25. కళ్ల దగ్గర బయటికొచ్చే కాంతి వలయం వెడల్పు అదీ. తెల్లవారుజామున మన కంటిపాప పెద్దదవుతుంది కాబట్టి ఈ అంకె ముఖ్యం. షాపులో నాకు 10×42 అంటగట్టాలని చాలాసేపు చూశారు, "పదంటే ఎక్కువ కదా సార్" అని. ఎక్కువే, చెయ్యి వణుకు కూడా ఎక్కువే. పైగా 42ని 10తో భాగిస్తే 4.2 మాత్రమే. పడవలో కూర్చుని చూసేవాడికి ఎనిమిదే మంచిది. ఫిజిక్సు చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి ఈ లెక్క దగ్గర మాత్రం నేను కదల్లేదు.

కళ్లజోడున్న వాళ్లు ఈ పేరా తప్పక చదవండి. ఐ రిలీఫ్ అని ఒక కొలత ఉంటుంది, అంటే కంటి దగ్గరి అద్దం నుంచి కన్ను ఎంత దూరం దాకా జరిగినా బొమ్మ పూర్తిగా కనిపిస్తుందో ఆ దూరం. అది 16, 17 మిల్లీమీటర్లకి తగ్గితే కళ్లజోడుతో చూసినప్పుడు అంచులు నల్లగా తెగిపోతాయి. నా దానిది 18. కంటి దగ్గరి రబ్బరు కప్పులు తిప్పి పూర్తిగా కిందికి దించితే జోడు తీయకుండానే చూడొచ్చు. జోడు లేనివాళ్లు వాటిని పైకి తిప్పుకోవాలి. ఇది ఎవరూ చెప్పరు. మా స్టాఫ్ రూములో ఒకాయన బైనాక్యులర్ కొని, ఈ కప్పులు తిప్పుకోవాలని తెలియక, నల్ల మచ్చలొస్తున్నాయని బీరువాలో పెట్టేశాడు.

కుడి కంటి దగ్గర చిన్న రింగు ఉంటుంది. ముందు కుడి అద్దం మూసి, ఎడమ కంటితో మధ్య చక్రం తిప్పి ఫోకస్ చేసుకోవాలి. తర్వాత ఎడమది మూసి, చక్రం ముట్టుకోకుండా ఆ రింగు తిప్పుకోవాలి. ఒక్కసారి కుదిరితే మీ కళ్లకి అదే సెట్టింగు. ఇది చేసుకోకపోతే అరగంటకే తలనొప్పి వస్తుంది, తప్పు వస్తువుదనుకుంటాం.

ఇప్పుడు ఆటపాక. అటవీశాఖ వాళ్లు నీళ్లలో పెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. ఇన్నేళ్లూ ఆ స్టాండ్లంటే నాకు చిరాకు, ఫ్రేములో ఇనుము పడుతుందని. ఈసారి ఒక గూటి మీదే ముప్పావుగంట బైనాక్యులర్ పెట్టి కూర్చున్నాను. పిల్ల తన తలంతా తల్లి గొంతు సంచిలోకి దూర్చేసింది. మెడ దాకా లోపలే. సంచి అటూ ఇటూ పొర్లుతోంది, తల్లి కళ్లు సగం మూసుకుని ఓర్చుకుంటోంది. కాసేపటికి పిల్ల బయటికొచ్చి, ముక్కు దులుపుకుని, మళ్లీ దూరింది. పై ముక్కు అంచు వెంబడి వరసగా మచ్చలు కూడా స్పష్టంగా లెక్కపెట్టేలా కనిపించాయి. కెమెరా ఉంటే మొదటి రెండు నిమిషాల్లో ఫోటో అయిపోయేది, నేను పక్క గూటికి పోయేవాణ్ణి. పడవతను "ఏంటి మాస్టారూ, ఇవాళ ఫోటోల్లేవా? కెమెరా పాడైందా?" అని రెండుసార్లు అడిగాడు.

పక్క స్టాండు మీద ఎర్రకాళ్ల కొంగ ఎండకి వీపు పెట్టి, రెక్కలు గొడుగులా విప్పి, పిల్లలకి నీడ పట్టింది. ఆ రెక్కలు విప్పిన ఫోటో నా దగ్గర ఉంది. కింద పిల్లలున్నాయని మాత్రం ఇప్పుడే చూశాను.

దగ్గర ఫోకస్ రెండు మీటర్లు. కొనేటప్పుడు పట్టించుకోని ఈ అంకే నా దారి మార్చింది. కాలేజీ ఆవరణలో మందార చెట్టు మీద మగ తేనెపిట్ట నీడలో ఉన్నంతసేపూ బొగ్గు ముక్క, ఎండలోకి రాగానే నీలం ఊదా కలిసి మెరుస్తుంది. అక్కడి నుంచి తూనీగల మీదికి పోయాను. చెరువు గట్టున గడ్డిపోచ కొసకి వేలాడే తూనీగ రెక్కల్లో ఈనెలు కూడా కనిపిస్తాయి. ఇప్పుడు నా నోట్‌బుక్కులో పక్షుల కన్నా తూనీగలే ఎక్కువ. మా ఆవిడ "పక్షులైపోయి పురుగుల్లో పడ్డారా?" అంటోంది. అననీ.

ఇక తిట్టాల్సినవి. ఆకాశం ముందు తెల్ల కొంగ నిలబడితే దాని చుట్టూ సన్నగా ఊదా రంగు గీత పడుతుంది. ఈ ధరలో తప్పదు, కానీ ఒకసారి కనిపించాక ఇక కన్ను దాన్నే వెతుక్కుంటుంది. ముందు అద్దాల మూతలు వదులు. ఒకటి కొల్లేరులో పడి పోయింది, రెండోదాన్ని నేనే తీసి డ్రాయర్లో పడేశాను. ఇచ్చిన పట్టీ మెడ కోస్తుంది. 650 గ్రాములే గానీ రెండు గంటలు మెడకి వేలాడితే తెలుస్తుంది. భుజాల మీదుగా వేసుకునే హార్నెస్ విడిగా కొనాల్సి వచ్చింది. లోపల నైట్రోజన్ నింపారు కాబట్టి లోపలి అద్దాలకి ఆవిరి పట్టదు, మాట నిజమే. కానీ ఏసీ కారులోంచి మే నెల ఉక్కలోకి దిగితే బయటి అద్దాలు మసకబారి ఐదు నిమిషాలు ఏమీ కనపడదు. మా డెల్టా తేమకి సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో పెట్టాల్సిందే, లేకపోతే అద్దాలకి ఫంగస్ పట్టొచ్చు.

చిన్న ఉల్లంకి పిట్టల్ని దూరం నుంచి గుర్తుపట్టాలనుకునే వాళ్లకి ఇది చాలదు. బురద అంచున పరుగెత్తే వలస పిట్టలన్నీ ఇందులో ఒకేలా కనిపిస్తాయి. వాటికి స్పాటింగ్ స్కోప్ కావాలి, అంటే స్టాండు మీద పెట్టి ఒక కంటితో చూసే, ఇంకా ఎక్కువ రెట్లు చూపించే గొట్టం. చూశానని రుజువు కావాల్సిన వాళ్లు కూడా కెమెరా అమ్ముకోకండి. నల్లమలలో ఏదో అరుదైనది చూశానంటే, ఫోటో ఏదీ అనే గ్రూపులే ఎక్కువ.

కొనబోయే వాళ్లకి ఒక్క మాట. షాపు ట్యూబ్‌లైట్ కింద అన్నీ బాగానే కనిపిస్తాయి. అడిగి రోడ్డు మీదికి తెచ్చుకోండి. దూరంగా ఉన్న కరెంటు స్తంభం మీద ఫోకస్ పెట్టి, రెండు కళ్లతో రెండు నిమిషాలు చూడండి. తీగ రెండుగా చీలినట్టున్నా, దించాక కళ్లు లాగినట్టున్నా లోపల అద్దాల వరస తప్పిందన్న మాట. మొహమాటపడకుండా ఇంకో పీసు తెప్పించమనండి. నాకు మూడోది కుదిరింది.