నీరసానికి ఏది మేలు: ఓపీనా, ఇంటికొచ్చే టీమా, హాస్పీసా?

అమ్మకు కీమో అయ్యాక మమ్మల్ని నొప్పి కంటే నీరసమే ఎక్కువ కంగారు పెట్టింది. రాత్రంతా పడుకుని లేచినా తగ్గేది కాదు. తల దువ్వుకుంటూ మధ్యలోనే దువ్వెన ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయేది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "ఒక సెలైన్ పెట్టించండి, బలం వస్తుంది" అనేవాళ్లు. రెండుసార్లు పెట్టించాం. సాయంత్రానికి మళ్లీ మామూలే. ఒంట్లో నీరు తగ్గినవాళ్లకు సెలైన్ పనికొస్తుంది గానీ, క్యాన్సర్ తెచ్చే నిస్సత్తువకు అది మందు కాదు.

అప్పుడే పాలియేటివ్ కేర్ గురించి తెలిసింది. ఆ మాట వినగానే "ఇక లాభం లేదన్నారా?" అని బంధువులు అడుగుతారు. అలా కాదు. అసలు వైద్యం నడుస్తుండగానే నొప్పి, ఆయాసం, నీరసం, దిగులు తగ్గించడానికి చేసే వైద్యం అది. ఆసుపత్రి ఓపీలో చూపించుకోవచ్చు, టీమ్‌ను ఇంటికి పిలిపించుకోవచ్చు, లేదా హాస్పీస్‌లో, అంటే జబ్బు ముదిరినవాళ్లను ఉంచుకుని బాధ తగ్గించే చోట, చేర్చవచ్చు.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది. ఓపీకి వెళ్తే పరీక్షలన్నీ ఒకచోట అవుతాయి. నీరసం వెనక రక్తం తక్కువ కావడం, థైరాయిడ్, నిద్ర లేకపోవడం, తగ్గని నొప్పి, దిగులు, వాడుతున్న మందులు, ఏదైనా ఉండొచ్చు. ముందు అది తేలాలి. గట్టి నొప్పికి ఇచ్చే మార్ఫిన్ రాసేదీ అక్కడే. అది మాదకద్రవ్యాల కిందికి వచ్చే మందు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక అది దొరకడం కొంత సులువైంది.

కానీ ప్రయాణం మాటేమిటి? తెల్లవారుజామున బయల్దేరి, లైన్లో కూర్చుని, చీకటి పడ్డాక ఇల్లు చేరితే, ఆ తర్వాత రెండు రోజులు అమ్మ మంచం దిగేది కాదు. పైగా డాక్టర్ గారు పలకరించగానే ఉన్న ఓపికంతా కూడదీసుకుని "బానే ఉన్నానయ్యా" అనేసేది. మాకు తెలిసిన అమ్మ ఆ గదిలో కనిపించేది కాదు.

ఇంటికొచ్చిన నర్సుకు మాత్రం ఆ దువ్వెన కనిపించింది. ఆమె ముందు బాత్రూమ్ చూసింది. "నిలబడి పోసుకుంటే సగం ఓపిక అక్కడే పోతుందమ్మా" అని ప్లాస్టిక్ స్టూలు వేయించింది. పొద్దున కాస్త ఓపిక ఉండే గంటలో ఏం చేయాలనుందో అడిగింది. తులసికి నీళ్లు పోయాలంది అమ్మ. సరే, స్నానం మధ్యాహ్నానికి మార్చండి, ఆ గంట తులసికి ఉంచండి అంది. రోజూ నీరసానికి 0 నుంచి 10 లోపు ఒక అంకె వేసి క్యాలెండర్‌లో తారీఖు పక్కన రాయమంది. అన్నిటికన్నా మమ్మల్ని ఆశ్చర్యపరిచింది, నడవమనడం! వాకిట్లోంచి గేటు దాకా, రెండు పూటలా. మేమేమో అమ్మను కదలనిచ్చేవాళ్లం కాదు. పడుకునే కొద్దీ కండ తగ్గి నీరసం ఇంకా పెరుగుతుందట. ఎముకలకు జబ్బు పాకినా, రక్తం బాగా తక్కువున్నా డాక్టర్‌ను అడిగాకే నడిపించాలి.

ఇంటి సేవకూ హద్దులున్నాయి. టీమ్ రోజూ రాదు, అన్ని ఊళ్లకూ రాదు. మిగతా రోజులన్నీ ఇంట్లో ఒక మనిషి ఉండి తీరాలి.

ఆ మనిషి కూడా అలిసిపోయినప్పుడు, లేదా ఇంట్లో నొప్పి అదుపులోకి రానప్పుడు హాస్పీసే దిక్కు. హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పీస్ ఉచితంగా చూస్తుంది. "అమ్మను తీసుకెళ్లి ఎక్కడో పడేశారు" అంటారని చాలామంది వెనకాడతారు. రాత్రిళ్లు నిద్ర లేక కూతురో కోడలో కూలబడితే, అలా అన్నవాళ్లెవరూ వచ్చి మందులు వేయరు.

నన్నడిగితే, నీరసమే ప్రధాన బాధైతే ఇంటి సేవే మేలు. కాకపోతే ఒక్కసారైనా ఓపీకి వెళ్లి కారణం తేల్చుకున్నాకే. ఆ మొదటి రోజే ఈ మూడూ అడిగి రండి: మా ఊరికి టీమ్ వస్తుందా, రాత్రి ఫోన్ ఎవరు ఎత్తుతారు, అవసరమైతే బెడ్ ఎక్కడ దొరుకుతుంది. మేం రెండో ప్రశ్న అడగలేదు. ఒక రాత్రి తెల్లారేదాకా ఎవరికి చేయాలో తెలియక ఫోన్ పట్టుకుని కూర్చున్నాం.