మూడు గంటల పదకొండు నిమిషాలు, మాటలు మాత్రం పిడికెడు

డీవీడీ కొన్నాక నాలుగు నెలలు అలమారలోనే ఉండిపోయింది. 191 నిమిషాలంటే మరి ధైర్యం చాలాలి కదా! పోయిన ఆదివారం ఫోను పక్కగదిలో పడేసి కూర్చున్నాను.

మెక్సికో దర్శకుడు హూలియాన్ ఎర్నాందెస్ తీసిన 'రాబియోసో సోల్, రాబియోసో సియెలో' ఇది. 2009 బెర్లిన్ చిత్రోత్సవంలో, స్వలింగ ప్రేమికుల్లాంటి వాళ్ల జీవితాల మీద తీసిన సినిమాలకిచ్చే టెడ్డీ అవార్డు అందుకుంది. కథ రెండు ముక్కలే. ర్యో, కియెరి ప్రేమించుకుంటారు. ర్యో మీద మోజుపడ్డ తారి అతన్ని ఎత్తుకుపోతాడు, కియెరి వెతుక్కుంటూ బయల్దేరతాడు. అచ్చం మన జానపదమే, రాకుమారి చోట కుర్రాడున్నాడంతే.

నన్ను కట్టిపడేసింది మెక్సికో సిటీలోని పాత సినిమా హాలు. తెరమీద ఏం ఆడుతోందో ఎవరికీ పట్టదు. చీకట్లో మగవాళ్లు ఒకరినొకరు చూసుకుంటూ తచ్చాడుతుంటారు. కెమెరా కూడా వాళ్లలో ఒకడిలా, తొందరపడకుండా చూస్తుంటుంది. ఎవరూ 'నువ్వంటే ఇష్టం' అనరు, అనక్కర్లేదు కూడా. ఎక్కువ భాగం నలుపు తెలుపే. అలెహాంద్రో కాంతు ఛాయాగ్రహణంలో ఒంటిమీది వెలుగు చూస్తుంటే రంగులు గుర్తే రాలేదు.

కథ ఊరొదిలి ఎడారిలోకి, పురాణంలోకి మళ్లాక మాత్రం దర్శకుడు సాగదీశాడు. ఒకసారి లేచి టీ పెట్టుకొచ్చాను, నేను పోగొట్టుకున్నదేమీ లేదు.

డిస్క్ విషయానికొస్తే, ఉన్న కాసిని మాటలకీ తెల్లటి సబ్‌టైటిళ్లు తెల్లటి ఆకాశం మీద వేశారు! రెండుసార్లు వెనక్కి తిప్పి చదువుకున్నాను. ఈ దర్శకుడు కొత్తయితే ముందు 2006 నాటి 'ఎల్ సియెలో దివిదిదో' చూడండి, నిడివి తక్కువ.